జీహన్‌లో మా ఇంట్లో దిగేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు ఆస్ట్రేలియాకు దక్షిణంగా ఉన్న టాస్మానియా దీవి పశ్చిమ తీరంలో, జీహన్ అనే పాత గనుల ఊళ్లో ఉంది. రెండు పడకగదులు, రేకుల కప్పు, చెక్క పలకల గోడలు. మెల్‌బోర్న్, సిడ్నీ, హోబార్ట్‌ల నుంచి వచ్చే మన తెలుగువాళ్లు వాట్సాప్‌లో అవే ప్రశ్నలు అడుగుతుంటే అవే జవాబులు టైప్ చేసీ చేసీ చెయ్యి నొప్పి పుట్టి, అన్నీ ఒకచోట రాసి పెట్టాను. బుక్ చేసుకునే ముందు చదవండి. చదివాక వద్దనిపిస్తే మంచిదే, వచ్చాక అనిపించడం కన్నా.

అసలు ఈ ఊరిని ఎలా పలకాలి?

మనం జీహన్ అంటాం, అక్కడివాళ్లు "హ" మింగేసి "జీయన్" అంటారు. 1642లో డచ్ నావికుడు ఏబెల్ టాస్మన్ ఇటుగా వచ్చినప్పుడు ఆయన వెంట ఉన్న రెండు ఓడల్లో ఒకదాని పేరిది. 1798లో బాస్, ఫ్లిండర్స్ అనే ఇంగ్లిష్ నావికులు ఈ దీవిని చుట్టి వస్తూ ఇక్కడి కొండకు ఆ పేరు పెట్టారు, కొండ పేరు ఊరికి వచ్చింది. పక్కనున్న ఇంకో కొండ హీమ్స్‌కర్క్, అది రెండో ఓడ.

ఊళ్లో ఏముంది? ఫొటోల్లో ఖాళీగా కనిపిస్తోంది.

ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడు ఏడు వందల చిల్లర జనం. ఒకప్పుడు పదివేల మంది ఉండేవారు. 1882లో ఫ్రాంక్ లాంగ్ అనే అతనికి ఇక్కడ వెండి, సీసం కలిసిన ఖనిజం దొరికింది, కొన్నేళ్లకే జనం ఎగబడ్డారు, "సిల్వర్ సిటీ" అని పేరొచ్చింది, ఇరవైకి పైగా హోటళ్లు వెలిశాయి, గనుల షేర్లు కొని అమ్మడానికి ఊళ్లోనే స్టాక్ ఎక్స్ఛేంజ్ పెట్టారు. 1891లో ఒక బ్యాంకు కుప్పకూలితే దాంతో పాటు బోలెడు కంపెనీలు పోయాయి, మళ్లీ లేచాయి. తర్వాత ఖనిజమే అడుగంటింది, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఊరు దాదాపు చల్లారిపోయింది. మెయిన్ స్ట్రీట్ మాత్రం అప్పటి కొలతలోనే ఉంది, ఊరికన్నా వీధి పొడుగు. నడుస్తూ ఉంటే ఒక పెద్ద భవనం, పక్కన నాలుగు ఖాళీ స్థలాలు, మళ్లీ ఒక భవనం. పళ్లు ఊడిన నోరులా ఉంటుందని మా ఆయన అంటాడు, నాకు ఆ పోలిక నచ్చదు కానీ అబద్ధం అనలేను.

1960ల చివర దగ్గర్లో రెనిసన్ బెల్ తగరం గని పెద్దఎత్తున నడవడం మొదలయ్యాక ఊరికి మళ్లీ కాస్త ప్రాణం వచ్చింది. ఆ గని ఇప్పటికీ నడుస్తోంది. అంటే మా వీధిలో కొందరు ఇంకా గని పనికి పోయేవాళ్లే. ఇది ఎందుకు చెబుతున్నానో కింద పార్టీ ప్రశ్న దగ్గర తెలుస్తుంది.

మీరు ఇక్కడ ఇల్లెందుకు కొన్నారు? వేరే చోటే దొరకలేదా?

నవ్వుతూ అడుగుతారు కానీ అందరూ అడుగుతారు. నేను పుట్టింది ఇల్లందులో, పెరిగింది సింగరేణి క్వార్టర్స్‌లో. మా నాన్న గనిలో చేశారు. మా ఆయన కూడా గనుల మనిషే, ఆ ఉద్యోగమే మమ్మల్ని ఈ తీరానికి తెచ్చింది. ఇల్లందులో బొగ్గు తవ్వడం మొదలైంది 1889లో, సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ వెండి కోసం జనం టెంట్లు వేసుకుంటున్నారు. మొదటిసారి ఈ ఊళ్లో దిగినప్పుడు ఒకే రకం ఇళ్ల వరుసలు, మ్యూజియం ముందు తుప్పు పట్టిన ఇంజిన్లు, ఊరి చివర తవ్విపోసిన గుట్టలు చూసి ఇంటికొచ్చినట్టు అనిపించింది. ధర కూడా మా అందుబాటులో ఉంది, ఒప్పుకుంటాను. తర్వాత మేం ఉత్తర తీరంలోని బర్నీకి మారాం, ఇల్లు అమ్మబుద్ధి కాక అద్దెకు ఇస్తున్నాం.

ఎలా రావాలి?

కారు లేకుండా రావద్దు. హోబార్ట్ నుంచి దాదాపు మూడు వందల కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు అనుకోండి, దారిలో ఆగితే రోజంతా పడుతుంది, ఆగాలి కూడా. క్వీన్స్‌టౌన్ దగ్గరకొచ్చేసరికి చెట్టూ చేమా లేని రాగి గని కొండల మీదుగా తొంభై తొమ్మిది మలుపులు అని చెప్పుకునే రోడ్డు ఉంది, కారులో కళ్లు తిరిగేవాళ్లుంటే ముందు సీటు వాళ్లకివ్వండి. అక్కడి నుంచి జీహన్ ఇంకో ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు బర్నీ మీదుగా మర్చిసన్ హైవే పట్టుకుంటే రెండు గంటల్లో వచ్చేస్తారు.

సొంత కారుతో మెల్‌బోర్న్ నుంచి వచ్చేవాళ్లు ఓడ ఎక్కి డెవన్‌పోర్ట్‌లో దిగుతారు. ఆ ఓడ ఇప్పుడు మెల్‌బోర్న్ నుంచి కాదు, 2022 అక్టోబర్ నుంచి జిలాంగ్ నుంచి బయల్దేరుతోంది. పోర్ట్ మెల్‌బోర్న్‌కి వెళ్లి "ఓడ ఎక్కడ?" అని మాకు ఫోన్ చేసిన కుటుంబం ఒకటుంది, పేర్లు చెప్పను.

ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చా?

టూరిస్టుగా వచ్చినవాళ్లు నడపొచ్చు, లైసెన్స్ ఇంగ్లిష్‌లో ఉంటే చాలు. కార్డు మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోవడం మంచిది. ఎడమవైపు డ్రైవింగే, మనలాగే. లైసెన్స్ గురించి ఇంత అడుగుతారు గానీ అసలు భయపడాల్సింది చీకటి గురించి. ఇక్కడ సాయంత్రం పడితే రోడ్డంతా జంతువులదే. వాలబీలు, వాటికన్నా పొట్టిగా గుండ్రంగా ఉండే ప్యాడీమెలన్లు, వాంబాట్లు, పాసమ్‌లు. వాంబాట్ అంటే చూడటానికి ముద్దుగా ఉంటుంది కానీ గుద్దితే బండరాయిని గుద్దినట్టే, బంపర్ ఊడొస్తుంది. మేం వచ్చిన మొదటి శీతాకాలంలో నేను ఆరింటికి దక్షిణాన ఉన్న రేవు ఊరు స్ట్రాన్ నుంచి తిరిగొస్తూ ఒక ప్యాడీమెలన్‌ని గుద్దాను. చచ్చిపోయింది. దిగి చూస్తే దాని సంచిలో పిల్ల కదులుతోంది. అప్పట్నుంచి చీకట్లో బండి తీయను, మీకూ అదే చెబుతున్నాను. శీతాకాలంలో ఐదింటికల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. డిసెంబర్‌లో అయితే తొమ్మిది దాకా వెలుతురుంటుంది, హాయి.

అద్దె కారు తీసుకుంటే ఇన్సూరెన్స్ కాగితం చదవండి. మట్టి రోడ్ల మీద, రాత్రిపూట జరిగిన వాటికి డబ్బులివ్వమని రాసి ఉంటుంది చాలావాటిలో. ఇక్కడ చూడదగ్గ చోట్లలో సగం మట్టి రోడ్డు చివరే ఉన్నాయి.

వాన పడుతుందా?

పడుతుంది.

అంటే, ఎంత?

హోబార్ట్‌లో ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్ల దరిదాపుల్లో పడుతుంది. ఇక్కడ దాదాపు 2,400. ఒకే దీవి, నాలుగు గంటల దూరం, నాలుగు రెట్ల వాన. మన దగ్గర వానంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దంచి కొట్టి వెళ్లిపోతుంది కదా, ఇది అలా కాదు. ఏ నెలలోనైనా పడుతుంది, అరగంట పడి, పది నిమిషాలు ఎండ కాసి, మళ్లీ పడుతుంది. మనకు పడమర దిక్కున ఇక సముద్రమే, నేరుగా పోతే దక్షిణ అమెరికా దాకా నేల తగలదు. అక్కడి నుంచి అడ్డూ ఆపూ లేకుండా వచ్చిన గాలి మొదట గుద్దుకునేది ఈ కొండల్నే.

అందుకే రెండు రాత్రులకి బుక్ చేసుకునేవాళ్లకి మూడు తీసుకోమంటాను. డబ్బు కోసమే అంటున్నానని అనుకుంటారు, అనుకోండి. రెండు రాత్రులంటే మీ చేతిలో ఉండేది ఒకే ఒక్క పూర్తి రోజు, ఆ రోజు ముసురు పట్టిందంటే మీరు చూసేది మా హాలు. మూడో రాత్రి ఉంటే ఒక రోజు వానకి వదిలేసినా టెన్షన్ ఉండదు. రేకుల మీద వాన చప్పుడు వింటూ మిర్చి బజ్జీలు వేసుకుని పడుకున్న రోజే బాగుందని గెస్ట్ బుక్‌లో రాసినవాళ్లు చాలామంది. గొడుగు తేవద్దు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ తెచ్చుకోండి.

ఏ నెలల్లో వస్తే మంచిది?

డిసెంబర్ నుంచి మార్చి దాకా. పగలు ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. మెల్‌బోర్న్‌లో నలభై కొడుతున్న వారంలో వచ్చి స్వెటర్ వేసుకోవడం ఒక సరదా. జూన్, జూలైలో రాత్రిళ్లు రెండు మూడు డిగ్రీలకు పోతుంది, చుట్టూ కొండల మీద మంచు పడుతుంది, కానీ ఆకాశం తెరిపిచ్చిన రాత్రి దక్షిణ ధ్రువపు వెలుగులు, అరోరా, కనిపించే అవకాశం ఉంది. గ్యారంటీ ఏమీ లేదు. అరోరా కనపడలేదని డబ్బులు వెనక్కి అడిగారు ఒకరు.

ఇల్లు వెచ్చగా ఉంటుందా?

కట్టెల హీటర్ ఉంది. అది వెలిగించడం వస్తే వెచ్చగా ఉంటుంది. మన ఊళ్లో కట్టెల పొయ్యి వెలిగించినవాళ్లకి కూడా ఇది మొదట మొరాయిస్తుంది, ఎందుకంటే దీనికి తలుపు ఉంది, గాలి ఎంత పోవాలో తిప్పే పిడి ఉంది. మొదట ఆ పిడిని పూర్తిగా తెరిచి పెట్టండి. సన్న పుల్లలు అడ్డంగా నిలువుగా పేర్చి, కింద న్యూస్‌పేపర్ ఉండలు పెట్టి అంటించండి, తలుపు వేలెడు సందు వదిలి పదినిమిషాలు దగ్గరే కూర్చోండి. పుల్లలు ఎర్రబడ్డాకే పెద్ద మొద్దు పెట్టాలి. ఆ తర్వాత తలుపు మూసి, మొద్దు బాగా అంటుకున్నాక పిడిని సగానికి తిప్పండి. మొదట్లోనే పిడి మూసేస్తే పొగంతా హాల్లోకి వస్తుంది, గాజు తలుపు నల్లబడుతుంది.

కట్టెలు వెనక షెడ్డులో ఎడమవైపువి తీసుకోండి, అవి ఆరినవి. కుడివైపువి వచ్చే ఏటికి. నేనే మొదటి ఏడు ఈ తేడా తెలియక పచ్చి కట్టెలు పెట్టి, అవి చుయ్‌మని నీళ్లు కక్కుతుంటే ఊది ఊది ఏడ్చినంత పని చేశాను. పక్కింటి పెద్దాయన వచ్చి రెండు కట్టెల్ని ఒకదానికొకటి కొట్టి చూపించాడు. ఆరినవి టక్కుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి.

బూడిద మాత్రం ఇనప బకెట్‌లోనే తీయండి, ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేయొద్దు. పైకి చల్లగా ఉన్నట్టుండి లోపల నిప్పు మర్నాటిదాకా ఉంటుంది. పడకల మీద ఎలక్ట్రిక్ దుప్పట్లు ఉన్నాయి, పడుకునే ముందు అరగంట వేసి ఆపేయండి.

పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుందా?

ఎండుమిర్చి వేస్తే మోగుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అత్తగారు పప్పుకి ఇంగువ పోపు ఘాటుగా పెట్టేసరికి మూడు అలారాలూ ఒకేసారి అందుకున్నాయి, ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలోకి వచ్చి నిలబడితే ఆ పక్కింటి పెద్దాయనే నిచ్చెన పట్టుకొచ్చాడు. తర్వాత ఆయనకి గిన్నెలో పప్పన్నం ఇచ్చారట, ఇప్పటికీ నన్ను అడుగుతుంటాడు, ఆవిడ మళ్లీ ఎప్పుడొస్తుందని. వంటింటి కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేసి, హాలు తలుపు మూసి పోపు పెట్టుకోండి. అలారం బ్యాటరీ మాత్రం తీయకండి. చెక్క ఇల్లు, లోపల నిప్పు, ఆలోచించండి.

రైస్ కుక్కర్, ప్రెషర్ కుక్కర్, చిన్న మిక్సీ, పోపుల డబ్బా ఇంట్లో ఉన్నాయి. ఇడ్లీ పాత్ర లేదు.

కరివేపాకు తెచ్చుకోవచ్చా?

పచ్చిది తేవద్దు. టాస్మానియాలోకి ఆస్ట్రేలియా వేరే రాష్ట్రాల నుంచి కూడా పచ్చి కూరగాయలు, పళ్లు, మొక్కలు మామూలుగా తేనివ్వరు. ఓడ దగ్గర కార్లు ఆపి చూస్తారు, ఎయిర్‌పోర్టులో కుక్కలు వాసన చూస్తాయి. దారిలో తినడానికి పెట్టుకున్న అరటిపండ్లు కూడా అక్కడి డబ్బాలో వేయాల్సిందే. మన కరివేపాకు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు అన్నీ పోతాయి. పొడులు, పప్పులు, మెల్‌బోర్న్ నుంచి తెచ్చే పచ్చడి సీసాలకు ఇబ్బంది లేదు. నేరుగా ఇండియా నుంచి దిగేవాళ్లకు రూల్స్ వేరు, అన్నీ దేశంలో దిగేటప్పుడు నింపే కార్డు మీద రాసి చూపించండి, దాచకండి.

ఊళ్లో చిన్న సూపర్‌మార్కెట్ ఉంది. పాలు, పెరుగు, ఉల్లి, బంగాళాదుంప, బియ్యం దొరుకుతాయి. మన సరుకులు కావాలంటే హోబార్ట్‌లోనో లాన్సెస్టన్‌లోనో కొనుక్కునే రండి. బయట తినాలంటే పబ్ భోజనమే, శాకాహారులకు చిప్స్, పిజ్జా కాకుండా మరొకటి దొరికితే అదృష్టం.

నల్లా నీళ్లు తాగొచ్చా? వాగు నీళ్లు టీ రంగులో ఉన్నాయేంటి?

నల్లా నీళ్లు తాగొచ్చు. వాగుల సంగతి రెండు రకాలు. అడవిలోంచి వచ్చే వాగులు, నదులు ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగులో ఉంటాయి, అది మురికి కాదు. ఇక్కడి చిత్తడి మైదానాల్లో పెరిగే బటన్‌గ్రాస్ అనే గడ్డి, దాని కింది నేల నానిన రంగు. పైమన్ నది అయితే ఎంత నల్లగా, కదలకుండా ఉంటుందంటే ఒడ్డు ఎక్కడ అయిందో నీడ ఎక్కడ మొదలైందో ఫొటోలో తెలియదు.

ఆరెంజ్ రంగులో, అడుగున తుప్పులాంటి పూతతో పారే నీళ్లు కనిపిస్తే మాత్రం అది గనుల పుణ్యం. క్వీన్స్‌టౌన్ మధ్యనుంచి పారే క్వీన్ నది అలాగే ఉంటుంది. ఆ నీళ్లలో దిగొద్దు, పిల్లల్ని దింపొద్దు. జీహన్ చుట్టుపక్కల పాత కొలిమిల చిట్టెం గుట్టల మీద కూడా పిల్లల్ని ఆడనివ్వద్దు, అది సీసం ఊరు. ఆడి వస్తే చేతులు కడిగించి అన్నం పెట్టండి.

ఊళ్లోనే చూడదగ్గవి ఏమిటి?

వెస్ట్ కోస్ట్ హెరిటేజ్ సెంటర్. పాత స్కూల్ ఆఫ్ మైన్స్ భవనంలో ఉంది. ఒక గంటలో చూసేద్దామని వెళ్లి మూడు గంటలుంటారు. ఆవిరి ఇంజిన్లు, గని పనిముట్లు, పాత పోలీస్ స్టేషన్, కోర్టు, ఇంకా ఖనిజాల గది. ఆ గదిలో క్రోకోయిట్ చూడండి. సింధూరం రంగులో, పొడుగాటి సూదుల్లా, ముట్టుకుంటే విరిగిపోయేంత నాజూగ్గా ఉంటుంది. టాస్మానియా రాష్ట్ర ఖనిజం ఇదే. ప్రపంచంలో దీనికి పేరున్న చోటు పక్కనే ఉన్న డండస్. అది సీసం, క్రోమియం కలిసినది, దొరికితే నోట్లో పెట్టుకునే పిల్లలకి ఇవ్వకండి. డండస్ వెళ్లి మనమే ఏరుకుందాం అనుకోకండి, గనులకు లీజుదార్లున్నారు.

అదే టికెట్ మీద గెయిటీ థియేటర్ కూడా ఉంది. 1899లో తెరిచారు, వెయ్యిమంది కూర్చునే హాలు. అడవి మధ్యలో, బురద వీధిలో, వెయ్యి సీట్ల థియేటర్! డబ్బు ఎలా పొంగిందో అక్కడ నిలబడితే అర్థమవుతుంది, మిగతా వివరాలు అక్కర్లేదు.

ఊరి చివర స్ప్రే టన్నెల్. పాత గని ట్రామ్ దారి, వంద మీటర్ల సొరంగం, లోపల లైట్లు లేవు, టార్చ్ పట్టుకెళ్లండి. మా నాన్న మొన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాం. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, కారు దిగనని మొండికేశారు. దిగాక సొరంగం మొదట్లో ఆగి, చేతికర్ర తిరగేసి పైకప్పుని టక్ టక్ మని కొట్టారు, చెవి అటు పెట్టి విన్నారు. రెండడుగులు వేసి మళ్లీ కొట్టారు. గనిలో ముప్పై ఏళ్లు అదే పని, పైకప్పు గట్టిగా మోగితే ముందుకు పోవాలి, డొల్లగా మోగితే వెనక్కి రావాలి. "రాయి గట్టిదే బిడ్డా, గానీ నీళ్లు కారుతున్నయి, ఎక్కువసేపు నిలవడకుండ్రి" అని తీర్పు చెప్పి, మొత్తం వంద మీటర్లూ అలా కొట్టుకుంటూనే దాటారు. మోకాళ్ల మాట ఎత్తలేదు.

అంటే, అమ్మానాన్నల్ని తీసుకురావొచ్చు అంటారా?

తీసుకురండి, కానీ వాళ్లని రోజుకి ఐదు చోట్లకి తిప్పకండి. చలికి మంకీ క్యాప్ తప్పనిసరి, ఫొటోల్లో బాగోదని తీయించకండి. వాళ్లకి బాగా నచ్చేది క్వీన్స్‌టౌన్ రైలు. 1890ల్లో రాగిని రేవుకి చేర్చడానికి వేసిన లైను, నిటారు ఎక్కుడులో పట్టాల మధ్య పళ్ల చక్రం పట్టుకుని ఎక్కుతుంది, 1963లో మూసేసి 2002లో టూరిస్టుల కోసం మళ్లీ తెరిచారు. కూర్చుంటే చాలు, అడవి అదే కిటికీ దగ్గరకొస్తుంది. రెండోది స్ట్రాన్ నుంచి గోర్డన్ నది పడవ. హెల్స్ గేట్స్ అనే సన్న మూతి దగ్గర సముద్రాన్ని చూపించి, 1822 నుంచి 1833 దాకా ఖైదీల్ని ఉంచిన సారా ఐలండ్‌లో దింపి, నది లోపలికి తీసుకెళ్తుంది. అక్కడ హ్యూఆన్ పైన్ చెట్లున్నాయి, వాటిలో కొన్ని రెండు వేల ఏళ్లు దాటి బతుకుతాయి. ఇవి రెండూ రోజూ ఉండవు, సీజన్‌లో నిండిపోతాయి. మా ఇల్లు బుక్ చేసేముందు వీటి తేదీలు చూసుకోండి, తర్వాత కాదు.

సముద్రం ఎంత దూరం? ఈత కొట్టొచ్చా?

దగ్గరిది ట్రయల్ హార్బర్, ఇరవై కిలోమీటర్లు, కొండ దిగే మట్టి రోడ్డు. స్ట్రాన్‌కి రైలు రాకముందు, అంటే 1892కి ముందు, జీహన్‌కి రేవు ఇదే. పేరులో హార్బర్ ఉందని మోసపోకండి, ఓడలకు దాపు దొరికేది కాదు. ఇప్పుడు కొన్ని షాక్‌లు, అంటే వేటకీ చేపలకీ వచ్చేవాళ్ల రేకుల ఇళ్లు, ఉన్నాయి. కొట్టు లేదు, పెట్రోల్ లేదు. ఒక బండ మీద కూర్చుని అలలు చూస్తే చాలు. అలకీ బండకీ మధ్య మాత్రం కూర్చోకండి. పది అలలు మామూలుగా వచ్చి పదకొండోది మనిషిని ఎత్తుకుపోతుంది.

స్ట్రాన్ దారిలో హెంటీ ఇసుక దిబ్బలు ముప్పై మీటర్ల ఎత్తు లేస్తాయి, పిల్లలు పలకల మీద జారతారు. పలకలు స్ట్రాన్‌లో అద్దెకిస్తారు. ఆ దిబ్బల అవతలే ఓషన్ బీచ్, ముప్పై కిలోమీటర్లకు పైగా ఒకే తిన్నె. ఈత అసలు వద్దు. భీమిలిలో, సూర్యలంకలో దిగినట్టు మోకాళ్లదాకా దిగుదాం అనేవాళ్లకి కూడా వద్దనే చెబుతాను, కింద లాగే నీటి గురించి ఇక్కడివాళ్లే భయపడతారు.

ఉత్తరంగా పైమన్ నది దాటాక మొదలయ్యేది టార్కైన్ అడవి, దాని ఆదివాసీ పేరు టకైనా. ఆ తీరం పొడుగునా గవ్వలు, ఆల్చిప్పల గుట్టలు కనిపిస్తాయి. చెత్త అనుకోకండి. వేల ఏళ్లపాటు అక్కడ బతికిన ఆదివాసీలు తిని వేసిన గుల్లలవి, వాళ్ల ఇళ్ల ఆనవాళ్లు కూడా ఆ దగ్గర్లోనే ఉంటాయి. వాటిమీద నడవకండి, ఒక్క గుల్ల కూడా జేబులో వేసుకోకండి.

కోరినా వెళ్లాలా?

ఒక్క చోటికే టైముంటే అక్కడికే వెళ్లండి, నా మాట విని. జీహన్ నుంచి యాభై కిలోమీటర్ల లోపే. ఒకప్పటి బంగారం ఊరు. 1883లో ఆ పక్క రాకీ రివర్‌లో దొరికిన ఏడున్నర కిలోల ముద్దే ఈ రాష్ట్రంలో ఇప్పటిదాకా దొరికినవాటిలో పెద్దది. ఇప్పుడు కొన్ని కాటేజీలు, ఒక పబ్, నది. 1939లో హ్యూఆన్ పైన్‌తో కట్టిన ఆర్కేడియా అనే పడవ మిమ్మల్ని నది నోటిదాకా తీసుకెళ్తుంది. నది దాటాలంటే కార్లని ఫ్యాట్‌మన్ అనే బల్లకట్టు మీద ఎక్కించి దాటిస్తారు, గోదావరి మీద పంటు ఎక్కినవాళ్లకి కొత్తేమీ కాదు. సాయంత్రం అది ఆగిపోయే టైము ముందే కనుక్కోండి. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, లేటయితే ఎవరికీ చెప్పలేరు.

నడవడానికి ఏదైనా తేలిక దారి?

రోజ్‌బెరీ దగ్గర మాంటెజుమా జలపాతం, 104 మీటర్లు. రానూపోనూ పది కిలోమీటర్లు, మూడు గంటలు, కానీ పాత ట్రామ్ లైను మీద దారి కాబట్టి ఎక్కుడు దిగుడు ఉండదు. ప్రపంచంలో మొట్టమొదటి గారట్ రైలింజిన్, అంటే మలుపుల్లో వంగే రకం ఆవిరి ఇంజిన్, 1909లో తయారై నడిచింది ఈ లైను మీదే. మన వాల్తేరు దాకా నడిచిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కూడా తర్వాత ఆ తరహా ఇంజిన్లు తెచ్చుకుంది. రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలకి చెప్పండి, మిగతావాళ్లకి జలపాతం చాలు.

దారి వదిలి పొదల్లోకి మాత్రం వెళ్లకండి. ఈ కొండల్లో పాత షాఫ్ట్‌లు, అంటే నిలువు గని బావులు, కంచె లేనివి, నాచు, ఫెర్న్ మూసేసి పైకి తెలియనివి ఉన్నాయి. ఫొటో కోసం నాలుగడుగులు పక్కకి వెళ్లడం కూడా వద్దు.

పాములు, జలగలు?

రెండూ ఉన్నాయి. టాస్మానియాలో పాములు మూడే జాతులు, మూడూ విషం ఉన్నవే. వేసవిలో దారి మీద ఎండ కాగుతూ కనిపిస్తే ఆగి దారివ్వండి, వాటికి మనమంటే ఆసక్తి లేదు. జలగలకు ఉంది. ప్యాంటు సాక్సులో దోపుకోండి, ఉప్పు పొట్లం జేబులో పెట్టుకోండి. ఇంట్లోకి రావు.

ఫోన్, నెట్?

ఇంట్లో వైఫై ఉంది. బయట టెల్‌స్ట్రా సిమ్ మేలు, ఊరు దాటాక అది కూడా పోతుంది. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెట్రోల్ సగానికి వస్తే నింపేయండి. అర్జెంటుగా డాక్టర్ కావాలంటే ఆస్పత్రి క్వీన్స్‌టౌన్‌లో, ప్రాణం మీదికొస్తే 000.

పార్టీ చేసుకోవచ్చా? మేం ఎనిమిది మందిమి, సర్దుకుంటాం.

ఐదుగురికే. సర్దుకుంటాం అనే మాట నాకూ తెలుసు, మా ఇంట్లో ఒక గది క్వార్టర్‌లో పెళ్లికి ఇరవైమంది సర్దుకున్నారు. ఇక్కడ కుదరదు, వేడినీళ్ల ట్యాంకు చిన్నది, ఆరో మనిషికి చన్నీళ్లే.

రాత్రి శబ్దం చేయకూడదని అందరికీ తెలిసిందే, నేను చెప్పేది పగటి గురించి. గని షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు పొద్దున ఎనిమిదికి పడుకుని సాయంత్రం లేస్తారు. మా చిన్నప్పుడు నైట్ షిఫ్ట్ చేసొచ్చిన వాళ్లింటి ముందు గోలీలాడితే చెంప పగిలేది. మా ఎదురింటి కర్టెన్లు పగలు మూసి ఉంటే పిల్లల్ని వెనక పెరట్లో ఆడుకోమనండి, కారులో పాటలు తగ్గించుకోండి.

వెళ్లేటప్పుడు ఏం చేయాలి?

పదింటికి ఖాళీ చేయాలి. గిన్నెలు కడగండి, పసుపు మరకైన తువ్వాళ్లు విడిగా పెట్టండి. తాళంచెవి మళ్లీ గుమ్మం పక్క నంబర్ పెట్టెలో వేసి అంకెలు చెరిపేయండి. హీటర్ తలుపు మూసి ఉందో లేదో చూడండి. షెడ్డులో ఎడమవైపు నుంచి నాలుగు ఆరిన కట్టెలు, గుప్పెడు పుల్లలు తెచ్చి హీటర్ పక్కన పెట్టి వెళ్లండి. మీరు వచ్చిన రాత్రి అవి అక్కడే ఉన్నాయి కదా.